పదిహేడు మలుపులు

మంగళవారం, ఉదయం ఏడున్నర

తెల్లవారుజామున గాలిమరల కరెంటు నాలుగు నిమిషాలు ఆగింది. పెద్ద కంప్యూటర్ పడుకుని లేచింది. నేను వచ్చి చూసేసరికి డిస్కు తొంభై ఎనిమిది పాళ్ళు నిండి ఉంది. నిన్న సాయంత్రం తొంభై ఒకటే. మధ్యలో ఆగిపోయిన ప్రతి పనీ తన సగం రాతల్ని తాత్కాలిక ఫైళ్ళ గదిలో పడేసి, లేచాక మళ్ళీ మొదటినుంచి మొదలుపెడుతుంది. ఆ పాత సగం ఎవరిదీ కాకుండా అక్కడే ఉండిపోతుంది. ఎవరిదీ కానిదాన్ని ఊడవడం నా ఉద్యోగం. సముద్రం మీది ఈ ఊరికి కొత్త డిస్కు ఒడ్డునుంచి వచ్చి పన్నెండేళ్ళయింది. ఉన్నదాన్నే తుడుచుకుంటూ బతుకుతున్నాం.

మంచినీళ్ళ యంత్రం చూసుకునే మస్తాన్‌బీ ఫోన్ చేసింది.

"అక్కా, ఉప్పు కొలతలు రాసుకోడానికి జాగా లేదంటోంది ఈ మహాతల్లి. రాసుకోకపోతే నీళ్ళు వదలదు. గంటలో జాగా చేసిపెట్టవా?"

"గంట చాలదు. చూసి తియ్యాలి."

"చూస్తూ కూర్చో. నాలుగొందల ఇళ్ళవాళ్ళు బిందెలు పట్టుకుని నీ గుమ్మంలోకొస్తారు, వాళ్ళనీ చూద్దువుగాని."

అన్నంత పనీ చేస్తుంది. వెళ్ళాలి.

మంగళవారం, ఉదయం పదకొండు

అయింది. నీళ్ళు వదిలారు.

ఎలా చేశానో రాసిపెట్టడం నియమం కాబట్టి రాస్తున్నాను. మామూలుగా అయితే ఒక ఫైలు తియ్యబోయే ముందు దాన్ని ఎవరైనా పట్టుకుని ఉన్నారా అని చూస్తాను. పట్టు ఉంటే ముట్టుకోను. పట్టు లేకపోయినా వెంటనే చెరపను, ఏడు రోజులు పక్క గదిలో ఉంచుతాను. ఎవరూ అడగకపోతే అప్పుడు చెరుపుతాను. కానీ పక్క గది కూడా ఈ డిస్కులోదే. అందులో పెడితే జాగా ఎలా వస్తుంది? అందుకని ఈసారి నేరుగా చెరిపేశాను.

ఇంకో నియమం ఉంది. కంప్యూటర్ పడి లేస్తే పట్టులన్నీ ఊడిపోతాయి. వాడుకలో ఉన్నదీ, దిక్కులేనిదీ ఒక్కలాగే కనిపిస్తాయి. కాబట్టి లేచిన తరువాత, చేపల వేటకెళ్ళిన పడవలన్నీ తిరిగి వచ్చేదాకా ఊడవకూడదు. ఈ నియమం తొమ్మిదేళ్ళ క్రితం నేనే రాశాను, అదీ గొడవపడి. ఇక్కడి తండేళ్ళు, అంటే పడవ నడిపేవాళ్ళు, వేటకి బయల్దేరేముందు ఇంట్లో పెద్ద కంప్యూటర్‌కి కలిపి ఉన్న పలకకి దారి చెబుతారు. మునిగిపోయిన పట్నం మీదుగా వెళ్ళాలి. ఏ మేడ దగ్గర ఎడమకి తిప్పాలో, ఏ పొగగొట్టం దగ్గర కుడికి తిప్పాలో, అది తప్పితే పడవ అడుగు చిరుగుతుంది. అంతా చెప్పి, 'దాచు' మీట మాత్రం నొక్కరు. నొక్కితే ప్రయాణం అయిపోయినట్టట. వెళ్ళేవాడు 'వెళ్తాను' అనకుండా 'వెళ్ళొస్తాను' అంటాడే, అలాంటిదే ఇదీ. తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కుని, అప్పుడు నొక్కుతారు. పలకలకి సొంత జ్ఞాపకం లేదు, అవి ఉట్టి కిటికీలు. అందువల్ల ఆ రెండు రోజులూ ఆ దారి నా తాత్కాలిక గదిలోనే ఉంటుంది. ఇది మూఢనమ్మకమనీ, మాన్పించాలనీ సభలో వాదించి ఓడిపోయాను. ఓడిపోయాక ఈ నియమం రాశాను.

రేవు బోర్డు దగ్గరికి వెళ్ళి ఎవరైనా బయట ఉన్నారేమో చూసి రావాలి. రానూపోనూ ఇరవై నిమిషాలు. ఆదివారమంతా వీచిన గాలికి ఎవరూ వెళ్ళి ఉండరనుకుని వెళ్ళలేదు.

పెద్దవి మూడు, వాతావరణం ఫొటోల సగాలు. చిన్నవి పదకొండు. అన్నీ తీసేశాను. తాత్కాలిక గది: సున్నా. ఆ సున్నాని చూడటం నాకు ఎప్పుడూ ఇష్టమే.

బుధవారం, సాయంత్రం ఆరు

రేవు పెద్ద తాతబ్బాయి గారు మెట్లెక్కి నా గదికి వచ్చారు. ఆయన మోకాళ్ళకి ఆ మెట్లు పడవు. ఫోన్ చెయ్యకుండా వచ్చారంటేనే నాకు ఏదోలా అయింది.

"లోవరాజు పడవ రాలేదండి. సోమవారం తెల్లారగట్ల ఎల్లేడు. ఇవాళ పొద్దున్నే వచ్చెయ్యాలి."

"ఎవరెవరున్నారు?"

"ఆడూ, ఆడి బామ్మర్ది అప్పలకొండాను. ఇద్దరే. నీళ్ళు రెండ్రోజులకే పట్టుకెళ్ళేరు. మీ పెట్టెలో దారి ఉంటది కదా, ఎటెల్లేడో కాస్త చూసి చెప్పండి."

ఆయన ముందే తెర తిప్పి చూశాను. తాత్కాలిక గదిలో రెండు రోజుల కొత్త చెత్త ఉంది. లోవరాజు ఇంటి నంబరు రెండువందల పన్నెండు. ఆ నంబరుతో ఏమీ లేదు.

"లేదండి," అన్నాను.

"చెప్పకుండానే ఎల్లిపోయేడా? ఆడికి ఈ మధ్య పొగరెక్కువయింది లెండి. ఎప్పుడూ ఉత్తరాన లైట్‌హౌస్ మెట్టకే పోతాడు. రేపు తెల్లారగానే అటు పంపిస్తాను."

ఆయన వెళ్ళాక, చెరిపినవాటి జాబితా తెరిచి ప్రింటు తీశాను. ఫైలు పోయినా పేరూ, పరిమాణం, చెరిపిన గంట జాబితాలో మిగులుతాయి. మంగళవారం, పది గంటల నలభై నిమిషాలు. రెండువందల పన్నెండో ఇల్లు. దారి. 936 బైట్లు.

డిస్కులో ఆ చోటికి వెళ్ళి తవ్వాను. ఉప్పు కొలతలున్నాయి. మంచినీళ్ళ యంత్రం వచ్చిన జాగాలో వచ్చినట్టు రాసుకుంటూ పోయింది. ఒక్క అక్షరం మిగల్లేదు.

పడవని ముంచింది నేను కాదు. తాతబ్బాయి గారు ఉందా అని అడిగారు, లేదన్నాను. అది అబద్ధం కాదు. జాబితాలో ఉన్నది ఒక పేరూ ఒక అంకే. అంకె పట్టుకుని సముద్రంలో ఎవరిని వెతుకుతారు? రేపు లైట్‌హౌస్ దగ్గర దొరుకుతారు. దొరికాక అన్నీ చెప్పేస్తాను.

గురువారం, ఉదయం పది

తెల్లవారగానే నాలుగు పడవలు ఉత్తరానికి వెళ్ళాయి. ఇంతవరకు కబురు లేదు. ఆకాశంలో ఉండి దారి చెప్పే ఉపగ్రహాలన్నీ రాలిపోయి పద్దెనిమిదేళ్ళయింది. రేడియో అయిదు కిలోమీటర్లు దాటదు. పడవలు కంటికి కనిపించేదాకా ఏమీ తెలియదు.

టీ కోసం రేవుకి వెళ్ళాను. జనం గుంపులుగా నిలబడి ఉన్నారు.

"దారి చెప్పి ఎల్లడానికేం నొప్పి? నోరు అరిగిపోద్దా?" అంటున్నాడు ఒకాయన.

"లోవరాజుగాడు ఈ సముద్రం ఆడి అత్తోరి పెరడనుకున్నాడు. ఇప్పుడు నాలుగు పడవల నూనె ఎవడమ్మ మొగుడిస్తాడు?"

లోవరాజు భార్య నూకరత్నం కట్టకి ఆనుకుని అక్కడే నిలబడి ఉంది. తలెత్తకుండా, మామూలు గొంతుతో అంది: "చెప్పే ఎల్లేడు."

"చెప్తే పెట్టెలో ఉండాల కదా, వదినా. లేదని ఇందుమతి గారే అన్నారంట."

అందరూ నా వైపు చూశారు. గ్లాసు తిరిగి ఇచ్చేసి వచ్చేశాను. ఎండ పెళపెళలాడుతోంది. వాళ్ళ నీళ్ళు నిన్నటికే అయిపోయి ఉండాలి.

గురువారం, మధ్యాహ్నం మూడున్నర

ఇది వరసగా రాయాలి.

రెండు దాటాక నూకరత్నం నా గదికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"అమ్మగారూ, నాకు చదువు రాదు. మీ పెట్టె సంగతి నాకు తెల్దు. కానీ నేను చెవుల్తో విన్నానండి. రొయ్యలు ఒలుస్తా విన్నాను. మా ఆయన పలక ముందు కూకుని చాలాసేపు చెప్పేడు. ఎడమంటాడు, కుడంటాడు, ఎంతకీ అవదు. మా తమ్ముడు నవ్వేడు. బావా, ఇంకెన్ని తిప్పుతావు, నాకు ఇక్కడే కళ్ళు తిరుగుతున్నాయి అని."

"ఎటు వెళ్తున్నామన్నది ఏమైనా అన్నారా?"

"అన్నీ వింటే ఇంత బాధెందుకండి? మంగళారం పొద్దున్న కరెంటు పోయేక పలక తెల్లగా అయిపోయింది. ఆయనొచ్చి చూసుకుంటాడులే అనుకున్నాను. ఇప్పుడు నాకు పిచ్చెక్కిందంటన్నారు. మొగుణ్ణి వెనకేసుకొచ్చి లేనిది కల్పిస్తన్నానంట. ఇంకోపాలి చూడండి. మీరు సరిగ్గా చూసుండరు."

నిన్న నేను అన్న 'లేదు' ఈమెని అబద్ధాలకోరుని చేసింది.

"చూస్తాను, నువ్వెళ్ళు," అన్నాను. ఆమె వెళ్ళగానే కాగితం తీసుకున్నాను. దారి ఫైళ్ళన్నిటికీ ఒకటే అచ్చు. పైన తలకట్టుకి నూట ఇరవై బైట్లు. తరువాత ఒక్కో మలుపుకి నలభై ఎనిమిది. 936లోంచి 120 తీస్తే 816. దాన్ని 48 చేత భాగిస్తే పదిహేడు, శేషం లేదు.

లైట్‌హౌస్ మెట్టకి ఆరు మలుపులు. రైలు వంతెనకి తొమ్మిది. చక్కెర ఫ్యాక్టరీ గొట్టానికి పదకొండు. పదిహేడు తిప్పి వెళ్ళే చోటు ఒక్కటే ఉంది. దక్షిణాన, సిమెంటు గోదాములు. అంతా ఉత్తరాన వెతుకుతున్నారు.

పరిగెత్తాననే చెప్పాలి. తాతబ్బాయి గారు రేవు గట్టు మీద గొడుగు కింద కూర్చుని ఉన్నారు. జాబితా కాగితం ఆయన చేతిలో పెట్టాను. ఫైలు ఉండేదనీ, మంగళవారం నేనే చెరిపాననీ, బోర్డు చూడలేదనీ చెప్పాను. పదిహేడు సంగతి చెప్పాను. ఆయన కాగితంలో ఆ వరసని వేలితో చదువుకున్నారు. కోప్పడతారనుకున్నాను.

"గోదాములేంటండి, అటు పోయే దారి ఊళ్ళో ముగ్గురికే వచ్చు... అవును, ఆడొకడు," అన్నారు. కేకేసి మనుషుల్ని పిలిచారు. తరువాత నా వైపు తిరిగారు. "ఈ అంకె ఎప్పుడు చూశారు మీరు?"

"ఇప్పుడే," అన్నాను.

మూడు గంటల పది నిమిషాలకి రెండు పడవలు దక్షిణానికి బయల్దేరాయి. ఏడు గంటల దారి. చీకటి పడితే ఆ గోడల మధ్య కదలలేరు, లంగరు వేసుకుని ఆగాల్సిందే. తెల్లవారితే గాని చేరరు.

శుక్రవారం, సాయంత్రం ఆరు

వచ్చారు. లోవరాజుని ఇద్దరు పట్టుకుని దింపారు. పెదవులు నల్లగా పగిలి ఉన్నాయి. అప్పలకొండని తెరచాప గుడ్డలో తెచ్చారు.

గోదాము కప్పులోంచి లేచిన ఇనప ఊచ పడవ అడుగుని చీల్చిందట. నీళ్ళ క్యాను కొట్టుకుపోయింది. మంగళవారం మధ్యాహ్నం నుంచి ఇద్దరూ నీళ్ళలోంచి బయటికి పొడుచుకొచ్చిన గోడ మొనమీద కూర్చున్నారు. పోటు వచ్చినప్పుడల్లా నడుముదాకా నీళ్ళు. అప్పలకొండకి ఇరవై రెండేళ్ళు. వద్దు వద్దంటున్నా ఉప్పునీళ్ళు తాగాడట.

తెచ్చినవాళ్ళలో ఒకతను చెప్పాడు: "నిన్న పోయేడంట. నడినెత్తి సూర్యుడు దాటి, గోడనీడ ఆళ్ళ మీదకి రావడం మొదలెట్టేక."

అంటే గురువారం ఒంటిగంటా, రెండు మధ్య.

ఇప్పుడు రాయక తప్పదు. ఎవరూ అడగలేదు కాబట్టే రాయాలి. బుధవారం సాయంత్రం ఆరింటికి నేను చెప్పి ఉంటే, పడవలు గురువారం తెల్లవారగానే అయిదింటికి దక్షిణానికి వెళ్ళేవి. ఏడు గంటల దారి. పన్నెండింటికి అక్కడ ఉండేవి, నీళ్ళతో.

అప్పటికే ఉప్పునీళ్ళు తాగి ఉంటాడనీ, అయినా దక్కేవాడు కాదనీ నాకు నేను చెప్పుకుంటున్నాను. కావచ్చు. కాకపోవచ్చు. ఎవరికీ తెలియదు. నాకు అనుకూలంగా ఉన్న అనుమానాన్నే నేను ఎప్పుడూ శాస్త్రీయం అనుకుంటానేమో.

ఆదివారం, సాయంత్రం అయిదు

సభ జరిగింది. శిక్ష వేస్తారనుకుని వెళ్ళాను. వేస్తారేమోనన్న ఆశ కూడా ఉంది.

నేను నోరు తెరవకముందే మస్తాన్‌బీ లేచింది. "తప్పు నాదండి. గంటలో కావాలని నేనే పీకమీద కూర్చున్నాను. అక్క చూసి తీస్తానంది. నన్ను అడగండి ఏం అడుగుతారో."

"కూర్చోవమ్మా," అన్నారు తాతబ్బాయి గారు. "నీళ్ళు ఆగిపోతే అంతకన్నా ఎక్కువమందిమి పోయేవాళ్ళం. ఇక్కడ ఎవరినీ అడిగేదేం లేదు. చెరిపేసిన జాబితాలో మిగిలిన ఒక్క అంకె పట్టుకుని మనిషిని వెతికి తెచ్చేరు ఈవిడ. ఇంకొకళ్ళయితే ఆ కాగితం చింపేసి ఊరుకునేవారు. అవునా కాదా?"

జనం చప్పట్లు కొట్టారు. టీ దగ్గర లోవరాజుని వెక్కిరించినవాళ్ళు కూడా కొట్టారు. ఇకముందు పడవ బయల్దేరేముందు దారిని రెండో ప్రతి తీసి రేవులో పెట్టాలని తీర్మానం చేశారు. 'దాచు' మీట సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ అలవాటు ఎవరినీ చంపలేదు.

సభలో నాకు చెప్పే వ్యవధి ఉంది. లేచి, 'తాతబ్బాయి గారూ, ఇప్పుడే చూశానన్నాను కదా, అది నిజం కాదు' అంటే సరిపోయేది. పది మాటలు కూడా కావు. చప్పట్లు ఆగాక అందామనుకున్నాను. ఆగేసరికి అందరూ లేస్తున్నారు.

ఇంకొకటి లెక్కవేశాను. నాకు కావలసిన జాగా మొత్తం ఆ మూడు ఫొటోల సగాలతోనే వచ్చేసింది. పదకొండు చిన్న ఫైళ్ళూ కలిపి ఒక ఫొటోలో లక్షోవంతు లేవు. వాటిని తియ్యాల్సిన అవసరమే లేదు. సున్నా కోసం తీశాను.

సోమవారం, ఉదయం ఎనిమిది

బుధవారం నాటి నమోదు మళ్ళీ చదివాను. 'అంకె పట్టుకుని సముద్రంలో ఎవరిని వెతుకుతారు' అని రాశాను. నేను యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చదివాను. దారి ఫైలు అచ్చు తయారుచేసింది నేనే. తలకట్టుకి నూట ఇరవై, మలుపుకి నలభై ఎనిమిది అని నిర్ణయించింది నేనే. 936 చూసి నాకేమీ తట్టలేదని గురువారం దాకా నన్ను నేను నమ్మించుకున్నాను.

బుధవారం నాటి కాగితాల కట్ట తీశాను. జాబితా కాగితం వెనక, పెన్సిలుతో, మూలగా 816 అని ఉంది. నా చేతిరాతే. తీసివేత చేశాను. భాగహారం చెయ్యలేదు. చేస్తే ఏమొస్తుందో తెలిసిన మనిషే అలా మధ్యలో పెన్సిలు కింద పెడుతుంది.

ఆ కాగితాన్నే గురువారం తాతబ్బాయి గారి చేతిలో పెట్టాను. ఆయన వెనక్కి తిప్పి చూడలేదు. తిరిగి నాకే ఇచ్చారు.

మంగళవారం, ఉదయం పదకొండు

నూకరత్నం ఇంటికి వెళ్ళాను. అది ఊరి చివరి ఇనప బల్లకట్టు మీద రేకుల గది. ఆమె బయట గడప పక్కన కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. పీట జరిపింది.

"మీరు రావడమేంటండి. నేనే రావాలి. పదకొండో రోజు వెళ్ళేక వద్దామనుకున్నాను. ఊరంతా లేదన్నది మీరు ఉందని తేల్చేరు. నాకు పిచ్చి లేదని మీ వల్లే తెలిసింది. మా ఆయన్ని..."

"నూకరత్నం, ఒక మాట చెప్పనియ్యి," అన్నాను. ఆగితే చెప్పలేనని తెలుసు. "గురువారం నువ్వొచ్చి అడిగాక చూశానని అందరికీ చెప్పాను. అది అబద్ధం. బుధవారం సాయంత్రమే చూశాను. అప్పుడే నాకు తెలుసు. నేను చెరిపానని బయటపడుతుందని ఊరుకున్నాను. అప్పుడే చెప్పి ఉంటే గురువారం పన్నెండింటికల్లా పడవలు వాళ్ళ దగ్గరికి చేరేవి."

ఆమె వేళ్ళు పీట అంచు మీద ఉన్నాయి. కదలలేదు.

"మా తమ్ముడు ఎప్పుడు పోయేడో మీకు తెలుసాండి?"

"తెలుసు."

"ఒంటిగంట దాటేక."

"తెలుసు."

కింద నీళ్ళు బల్లకట్టుని కొడుతున్నాయి. తిట్టమని అడుగుదామనుకున్నాను. అదీ నా కోసమే అవుతుందని ఊరుకున్నాను.

"ఇంకా ఎవరికి చెప్పేరు?"

"ఎవరికీ లేదు. ముందు నీకే."

"ముందు నాకెందుకండీ?" అంది. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు. "మొగుణ్ణి తెచ్చేరని శుక్రారం నించీ మీకు దణ్ణం పెట్టుకుంటన్నాను. ఈ మాట నా ఒళ్ళో పెట్టి మీరు ఎల్లిపోతే, దీన్ని నేనేం చేసుకోను?"

నా బరువు దింపుకోవడానికి ఇంత దూరం నడిచి వచ్చి, దింపడానికి ఈ ఊళ్ళో అందరికన్నా ఎక్కువ పోగొట్టుకున్న మనిషి గడపని ఎంచుకున్నాను. ఇది నిజాయితీ అనుకున్నాను దారిపొడుగునా.

"పొమ్మంటే పోతాను. తాతబ్బాయి గారికి ఈ పూటే చెబుతాను. ఏం చెయ్యమన్నా చేస్తాను," అన్నాను.

ఆమె తలుపు వైపు చూసింది. లోపల చీకటిగా ఉంది. ఎవరో మూలిగారు.

"ఆయన అన్నం ముట్టడం లేదండి. బామ్మర్దిని నేనే చంపుకున్నానంటాడు. లైట్‌హౌస్ కాడికి పోదాం బావా అని ఆడు బతిమాలేడంట. ఈయనే గోదాముల్లో చేపల గుంపు పడిందని అటు తిప్పేడంట. నా చేత్తో తీసుకెళ్ళి చంపేనని గోడకేసి తల కొట్టుకుంటన్నాడు. నేను ఎంత చెప్పినా వినడు. నా మాట ఎవరు వింటారు."

లేచి నిలబడింది. చీర కొంగు బిగించి కట్టుకుని, తలుపు రెక్క పూర్తిగా తెరిచి, దారి ఇచ్చి పక్కకి జరిగింది.

"లోపలికి రండి. నాకు చెప్పింది ఆయనకి చెప్పండి. బుధవారం అన్న మాట మింగకండి."

చెప్పులు విప్పాను. గది చిన్నది, చాప మీద ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నూకరత్నం భుజం తట్టి, "ఇందుమతి గారొచ్చేరు, ఇటు తిరుగు," అంది. తిరిగాడు. చేతులు జోడించబోయాడు. ఆమె ఆ రెండు చేతులూ పట్టుకుని కిందికి దించింది.

నేను చాప పక్కన నేల మీద కూర్చుని, బుధవారం సాయంత్రం ఆరు గంటల నుంచి మొదలుపెట్టాను.